ఉత్తమ దర్శకుడు: పేరు సరే, కారణం ఏదీ?

2025 జూన్ 14న హైదరాబాద్ హైటెక్స్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇచ్చింది. 2024 సంవత్సరానికి నటీనటుల దగ్గర్నుంచి సాంకేతిక నిపుణుల దాకా అన్ని విభాగాల్లోనూ ఇచ్చారు. ఉత్తమ చిత్రం కల్కి 2898 ఏడీ, ఉత్తమ దర్శకుడు ఆ సినిమా తీసిన నాగ్ అశ్విన్. దాంతోపాటు రాష్ట్రం ఏర్పడిన 2014 నుంచి 2023 వరకు ఒక్కో ఏడాదికీ ఉత్తమ చిత్రాలను ఎంపిక చేశారు. రన్ రాజా రన్, రుద్రమదేవి, శతమానం భవతి, బాహుబలి రెండో భాగం, మహానటి, మహర్షి, అల వైకుంఠపురములో, ఆర్ఆర్ఆర్, సీతారామం, బలగం. ఇవీ వరసగా ఆ పదేళ్ల మొదటి బహుమతులు.

ఈ జాబితా రాగానే మా వాట్సాప్ గ్రూపులో మామూలుగా జరిగేదే జరిగింది. మా హీరోకి ఎందుకు రాలేదు, మీ హీరోకి ఎందుకు వచ్చింది అంటూ రెండు రోజులు గొడవ. నాకు మాత్రం ఉన్న పేర్లకంటే లేని పేర్లు ఎక్కువ కనిపించాయి. ఆ పదేళ్లకు ఉత్తమ చిత్రాలున్నాయి, ఉత్తమ దర్శకులు లేరు. ఆ విభాగమే పెట్టలేదు. బలగం 2023కి ఉత్తమ చిత్రం అయింది. దాన్ని తీసిన వేణు యెల్దండి ఆ ఏడాది ఉత్తమ దర్శకుడా కాదా అన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"సినిమాకి ఇచ్చారంటే దర్శకుడికి ఇచ్చినట్టే కదా, మళ్లీ విడిగా ఎందుకు?" అన్నాడు ఒక మిత్రుడు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి నా జవాబు. సినిమాకి ఇవ్వడం, దర్శకుడికి ఇవ్వడం ఒకటి కాదు. ఆ తేడా మనకు తెలియకపోవడం వల్లే మన అవార్డులకు విలువ పోయిందని నా అభిప్రాయం.

ముందు కాస్త చరిత్ర. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నంది అవార్డులు మొదలుపెట్టింది 1964లో. లేపాక్షి నంది దాని గుర్తు. మొదటి ఏడాది ఉత్తమ చిత్రం ఆదుర్తి సుబ్బారావు తీసిన డాక్టర్ చక్రవర్తి. తర్వాతి కాలంలో దర్శకుడికి విడిగా నంది ఇచ్చారు. 1983కి ఆనందభైరవి తీసిన జంధ్యాలకి, 1989కి శివ తీసిన రామ్‌గోపాల్ వర్మకి, 2004కి ఆనంద్ తీసిన శేఖర్ కమ్ములకి, 2008కి గమ్యం తీసిన క్రిష్‌కి వచ్చింది. ఈ నాలుగు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికొకటి పోలికే లేదు. కూచిపూడి మీద తీసిన సినిమా ఒకటి, కాలేజీ రౌడీయిజం మీద ఒకటి, హైదరాబాదులో ఒక మామూలు కాలనీలో ఒక అమ్మాయి ఆత్మగౌరవం మీద ఒకటి, మోటార్ సైకిల్ ప్రయాణం మీద ఒకటి. నలుగురిలో ఇద్దరికి అది మొదటి సినిమా. అవార్డు అంటే నాకు ఇష్టం కలిగింది ఇలాంటి ఎంపికలు చూసే.

చాలా ఏళ్లు ఉత్తమ చిత్రం ఒకటి, ఉత్తమ దర్శకుడు వేరొకరు. 2011లో బంగారు నంది శ్రీరామరాజ్యానికి, దర్శకుడి నంది జై బోలో తెలంగాణ తీసిన ఎన్. శంకర్‌కి. 2013లో చిత్రం మిర్చి, దర్శకుడు అలియాస్ జానకి తీసిన దయా కొడవగంటి. 2016లో చిత్రం పెళ్లిచూపులు, దర్శకుడు శతమానం భవతి తీసిన సతీశ్ వేగేశ్న. అంటే జ్యూరీలకు కూడా ఈ రెండూ వేరు అనే తెలుసు. కానీ ఎందుకు వేరు, ఎలా వేరు అన్నది మనకు ఎప్పుడూ చెప్పలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

అలియాస్ జానకి సంగతే తీసుకోండి. మీలో ఎంతమంది ఆ సినిమా పేరు విన్నారు? మిర్చి లాంటి పెద్ద సినిమా ఉన్న ఏడాదిలో, పెద్దగా ఎవరూ పట్టించుకోని చిన్న సినిమా తీసిన మనిషిని పిలిచి ఈ ఏడాది దర్శకత్వం అంటే నీదే అన్నారు. అంత ధైర్యమైన నిర్ణయం తీసుకున్న జ్యూరీ కనీసం నాలుగు వాక్యాల్లో ఎందుకో రాసి అందరికీ అందేలా పెట్టి ఉంటే నాలాంటివాడు ఆ కారణం పట్టుకుని, వెతుక్కుని మరీ చూసేవాడు. కారణం తెలియలేదు కాబట్టి ఆ నంది ఒక పేపర్లో ఒక రోజు అచ్చయిన పేరుగా మిగిలిపోయింది. దర్శకుడికీ మిగిలింది తక్కువ, ప్రేక్షకుడికి మిగిలింది సున్నా.

పైగా ఆలస్యం. 2012, 2013 నందులు ప్రకటించింది 2017 మార్చిలో. 2014, 2015, 2016కి కలిపి ఒకేసారి 2017 నవంబర్లో. 2012లో సినిమా తీసిన దర్శకుడికి ఐదేళ్ల తర్వాత నువ్వు బాగా తీశావయ్యా అని చెప్తే ఏం ఉపయోగం? పెద్ద దర్శకుడికి అదొక అలంకారం. చిన్న దర్శకుడికి ఈ ఐదేళ్లే జీవితం. రెండో సినిమా దొరకడం, దొరక్కపోవడం ఆ ఐదేళ్లలోనే తేలిపోతుంది. నిర్మాత ముందు కూర్చున్నప్పుడు చేతిలో నంది ఉంటే మాట వేరుగా ఉంటుంది. అవార్డు అవసరం ఎవరికుందో వాళ్లకి అవసరమైన సమయంలో ఇవ్వకపోతే అది సన్మానం అవుతుంది కానీ సాయం కాదు.

ఆ నవంబర్ ప్రకటన ఎంత రచ్చ అయిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2014కి ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటుడు మూడూ లెజెండ్‌కే వచ్చాయి. హీరో బాలకృష్ణ అప్పటికి అధికార పార్టీ ఎమ్మెల్యే, ముఖ్యమంత్రికి వియ్యంకుడు. 2015లో రుద్రమదేవిని పక్కన పెట్టారని దర్శకుడు గుణశేఖర్ బహిరంగంగానే అడిగారు. సరిగ్గా అదే రుద్రమదేవిని 2025లో తెలంగాణ ప్రభుత్వం 2015కి ఉత్తమ చిత్రం అంది. నంది మాత్రం అదే ఏడాదికి బాహుబలి మొదటి భాగాన్ని ఎంచుకుంది. రెండు రాష్ట్రాలు, రెండు జ్యూరీలు, ఒకే ఏడాది, ఒకే పరిశ్రమ, రెండు జవాబులు. జవాబులు రెండు కావడం తప్పు కాదు. సాహిత్యంలో అయినా ఇద్దరు విమర్శకులు ఒకే పుస్తకాన్ని మెచ్చుకోరు. కానీ ఇద్దరూ కారణాలు రాస్తారు. మనం చదివి, ఎవరి మాటలో బలముందో తేల్చుకుంటాం. ఇక్కడ కారణాలు లేవు కాబట్టి, జనం కారణాలు వాళ్లే ఊహించుకున్నారు. కులం, పార్టీ, ప్రాంతం, చుట్టరికం. జ్యూరీ నోరు విప్పకపోతే ఖాళీని నింపేవి ఇవే. లెజెండ్‌ని నిజంగానే మనసుకి నచ్చి ఎంచుకున్నారేమో కూడా. అలా అయినా ఆ మాట నమ్మించే ఒక్క వాక్యం కూడా మన ముందు లేదు. బోయపాటి శ్రీనుకి కూడా అది అన్యాయమే.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. దర్శకత్వం అంటే ఏమిటి?

నేను సినిమా స్కూల్లో చదువుకోలేదు. ఇంజినీరింగ్ చదివి, డల్లాస్‌లో కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. కానీ పాతికేళ్లుగా సినిమాలు చూస్తున్నవాడిగా నాకొక కొలబద్ద ఉంది. కథ, నటులు, డబ్బు, కెమెరా అన్నీ అలాగే ఉంచి, దర్శకుణ్ణి మాత్రం మార్చేస్తే సినిమాలోంచి ఏది మాయమవుతుంది? ఆ మాయమయ్యేదే దర్శకత్వం.

శివ అనగానే అందరూ సైకిల్ చైన్ లాగడం గురించే చెప్తారు. నాకు మాత్రం శివ తన అన్నకూతుర్ని సైకిల్ మీద ఎక్కించుకుని సందుల్లో పారిపోయే ఘట్టం గుర్తొస్తుంది. ఆ పిల్ల భయం, సైకిల్ వేగం, వెనక తరుముకొచ్చేవాళ్లు. ఆ రోజుల్లో మామూలుగా అయితే అక్కడ హీరో ఆగి, తిరిగి, పదిమందిని కొట్టేవాడు. రఘువరన్ వేసిన భవాని కూడా అంతే. గొంతు పెంచడు. అప్పటిదాకా మన విలన్లు అరిచేవాళ్లు. ఈ రెండూ స్క్రిప్టులో ఒక లైనుగా రాసుకుంటే దొరికేవి కావు. ఎవరో ఒకరు సెట్లో నిలబడి "వద్దు, ఇలా" అని పట్టుబట్టాలి.

ఈగ చూడండి. హీరో చచ్చిపోయి ఈగ అవుతాడు. ఈగకి మాటల్లేవు, మొహంలో భావాల్లేవు, స్టార్ ఇమేజ్ అసలే లేదు. ఎదురుగా సుదీప్ నటిస్తున్నది ఖాళీ గాలిలోకి. అయినా థియేటర్లో జనం ఆ ఈగ గెలవాలని ఈలలు వేశారు. గ్రాఫిక్స్ వాళ్లు ఎంత బాగా చేసినా, ఈగ ఎటు చూడాలి, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు తడబడాలి అన్నది రాజమౌళి నిర్ణయం. 2012కి ఆ నంది ఆయనకి రావడం మీద నాకు ఏ అనుమానమూ లేదు. 2009 మగధీరకి, 2015 బాహుబలికి కూడా ఆయనకే వచ్చింది. మూడింట్లో దర్శకత్వం అన్నదానికి నేను చూపించే సినిమా ఈగే. ఖర్చుని బట్టి కాదు, ఉన్న పరిమితి ఎంత కష్టమైనదో, దాన్ని ఎలా దాటాడో చూసి చెప్తున్నా.

అదే లెక్కన నాగ్ అశ్విన్ సంగతి. మహానటి వచ్చింది 2018లో. ఆ ఏడాదికి గద్దర్ ఉత్తమ చిత్రం అదే, దర్శకుడికి అవార్డు మాత్రం లేదు. కల్కికి దర్శకుడి అవార్డు వచ్చింది. కల్కి చిన్న పని కాదు. కురుక్షేత్రాన్ని, 2898 నాటి కాశీనీ ఒకే కథలో ఇరికించి, అమితాబ్ లాంటి పెద్దాయనతో అశ్వత్థామ వేషం వేయించి, అంతమంది సాంకేతిక నిపుణుల్ని ఒక్క ఊహ వెనక నడిపించడం మామూలు విషయం కాదు. ఒప్పుకుంటాను. కానీ మహానటిలో ఆయన చేసిన పని ఇంకా సూక్ష్మం. తెలుగువాళ్లందరికీ మొహం తెలిసిన సావిత్రిని, మాయాబజార్‌లో ఆమె వేసిన ఘట్టాన్ని, కీర్తి సురేశ్ మళ్లీ చేస్తుంటే ఎవరికీ నవ్వు రాకూడదు, అనుకరణ అనిపించకూడదు. జెమినీ గణేశన్‌ని విలన్‌ని చేస్తే కథ సులువయ్యేది, చెయ్యలేదు. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా దర్శకత్వమే. ఆ ఆపడానికి అవార్డు లేదు, విస్తారానికి ఉంది. జ్యూరీ అలా అనుకుని ఇచ్చిందని నేను అనడం లేదు. 2018కి విభాగం పెట్టకపోవడం వల్ల చివరికి లెక్క అలా తేలింది.

మా ఆఫీసులో ఏడాది చివర రేటింగులు ఇస్తారు. ఒక ఏడాది మా టీమ్‌లో ఒకావిడ పదిహేనేళ్ల పాత సిస్టమ్‌ని ఒక్క గంట కూడా ఆగకుండా కొత్తదానిలోకి మార్చింది. ఎవరికీ ఏమీ తెలియలేదు, ఎందుకంటే ఏమీ పాడవలేదు. పై వాళ్లకి నచ్చిన కొత్త ప్రాజెక్టు ఇంకొకటి ఉంది. పెద్ద బడ్జెట్, పెద్ద పేర్లు, రంగురంగుల డెమో. టాప్ రేటింగ్ దాని లీడ్‌కి వెళ్లింది. ప్రాజెక్టు విజయం, మనిషి పనితనం ఒకటే అనుకుంటే ఎక్కడైనా ఇదే జరుగుతుంది. ఆవిడ తర్వాతి ఏడాది వెళ్లిపోయింది. మన పరిశ్రమలోనూ ఇలా వెళ్లిపోయిన వాళ్లు ఎందరో అనిపిస్తుంది.

ఇంకో వాదం కూడా విన్నాను. "అత్యుత్తమ చిత్రం తీసినవాడే అత్యుత్తమ దర్శకుడు, దీనికి లాజిక్ ఏముంది?" అని. అలా అయితే 2015 జాతీయ అవార్డులు చూడండి. ఉత్తమ చిత్రం మన బాహుబలి. ఉత్తమ దర్శకుడు సంజయ్ లీలా భన్సాలీ, బాజీరావ్ మస్తానీకి. కేరళ చూడండి. 2017లో ఉత్తమ చిత్రం ఒట్టమురి వెళిచ్చం, దర్శకుడు ఈ.మ.యౌ తీసిన లిజో జోస్ పెల్లిశ్శేరి. 2018లో చిత్రం కాంతన్, దర్శకుడు శ్యామప్రసాద్. 2019లో చిత్రం వాసంతి, దర్శకుడు జల్లికట్టు తీసిన లిజో. వరసగా మూడేళ్లు రెండూ వేరు. మలయాళ సినిమా గురించి మనం ఈర్ష్యగా మాట్లాడుకుంటాం కదా, వాళ్ల కథలు, వాళ్ల నటులు అని. చిత్రాన్ని, దర్శకుణ్ణి విడదీసి చూసే ఆ అలవాటు గురించి కూడా మాట్లాడుకోవాలి.

ఇంకో చేదు నిజం. జాతీయ ఉత్తమ దర్శకుడి అవార్డు 1967 నుంచి ఉంది. 2023 సంవత్సరపు అవార్డుల దాకా చూస్తే ఒక్క తెలుగు సినిమాకి కూడా అది రాలేదు. విశ్వనాథ్, బాపు, బి. నరసింగరావు పుట్టిన భాషకి రాలేదు. ఢిల్లీలో రాజకీయాలున్నాయి, ఉత్తరాది పక్షపాతం ఉంది అనడం సులువు. కానీ అదే అవార్డు బెంగాలీకి, మలయాళానికి, తమిళానికి, కన్నడానికి, మరాఠీకి వచ్చింది. మన ఇంట్లో మనమే దర్శకత్వం అనే పనిని విడిగా చూసి, విడిగా పేరు పెట్టి మెచ్చుకోకపోతే, పక్కింటివాడు వచ్చి గుర్తిస్తాడా?

ఇదంతా అమెరికాలో కూర్చున్న నాకెందుకు అంటారేమో. 2023 మార్చిలో నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన వారం, మా ఆఫీసులో ముగ్గురు నలుగురు వచ్చి అడిగారు. మీ భాషలో ఇంకా ఏం చూడాలి అని. ఫ్రెంచ్ సినిమా గురించో, కొరియన్ సినిమా గురించో అడిగితే చూపించడానికి జాబితాలున్నాయి, వాటి పక్కన ఎందుకు చూడాలో కారణాలున్నాయి. నా దగ్గర ప్రభుత్వ జాబితా ఉంది, కారణాలు లేవు. ఇక్కడ పుట్టిన మన పిల్లల విషయమూ అంతే. ఓటీటీ తెర మీద ఏది ఎక్కువమంది చూస్తే అది ముందు కనిపిస్తుంది. ఇది చూడు, ఇందులో ఇది గమనించు అని చెప్పే పెద్దమనిషి లేడు. ప్రభుత్వ అవార్డు ఆ పెద్దమనిషి కావాలి. అందుకే నాకు పట్టింపు.

కాబట్టి నేను అడిగేవి మూడే.

ఒకటి, కారణం రాయండి. జాతీయ అవార్డుల్లో ఒక్కో పురస్కారానికీ ఎందుకు ఇచ్చామో ఒకటి రెండు వాక్యాలు రాస్తారు. మనవాళ్లు దర్శకుడికి కనీసం ఒక పేరా రాయాలి. చివరి వరకూ పోటీలో నిలిచిన మరో ఇద్దరి పేర్లు కూడా చెప్పాలి. జ్యూరీకి అది భారం కాదు, రక్షణ.

రెండు, ప్రతి ఏడాదీ, ఒక తేదీకి. అవార్డుల లెక్క సెన్సార్ అయిన ఏడాదిని బట్టి ఉంటుంది. అందుకే 2017 సంక్రాంతికి విడుదలైన శతమానం భవతి 2016 కింద, 2022 మార్చిలో వచ్చిన ఆర్ఆర్ఆర్ 2021 కింద వచ్చాయి. సెన్సార్ పుస్తకం డిసెంబర్ 31కి మూసేస్తారు. తర్వాతి ఉగాదికో, కనీసం ఆ ఏడాది లోపో తేల్చడం అసాధ్యమేమీ కాదు. 2017 నవంబర్ ప్రకటన తర్వాత నంది ఏళ్ల తరబడి అటకెక్కినట్టు మళ్లీ ఇంకోటి ఎక్కకూడదు. ప్రభుత్వాలు మారితే అవార్డు పేరు మారుతుందేమో, ఆగిపోకూడదు.

మూడు, ఆ పదేళ్ల ఖాళీ నింపండి. చిత్రాల్ని ఎంపిక చెయ్యడానికి ఎలాగూ ఆ సినిమాలన్నీ చూశారు. దర్శకుల పేర్లు చెప్పడానికి కొత్తగా ఖర్చేమీ లేదు.

కారణం రాయమని అడిగేవాడు ముందు తను రాయాలి. అందుకని ఆ పదేళ్లలో ఐదింటికి నా పేర్లు, నా కారణాలు.

2016కి తరుణ్ భాస్కర్, పెళ్లిచూపులు. ఇద్దరు మనుషులు ఒక గదిలో ఇరుక్కుని మాట్లాడుకుంటుంటే, అది మన ఇంటి పక్క గదిలో వినపడుతున్నట్టు తీశాడు. 2018కి, నాగ్ అశ్విన్‌ని ఇంతసేపు మెచ్చుకున్నా సరే, వెంకటేశ్ మహా, కేరాఫ్ కంచరపాలెం. విశాఖలో ఆ పేటవాళ్లనే, ఎప్పుడూ కెమెరా ముందుకు రానివాళ్లనే, నటులుగా పెట్టి ఒక్కరితో కూడా నటిస్తున్నట్టు అనిపించనివ్వలేదు. 2019కి గౌతమ్ తిన్ననూరి, జెర్సీ. రైల్వే ప్లాట్‌ఫామ్ మీద నాని సంతోషాన్ని రైలు చప్పుడులో దాచి అరిపించిన ఆ ఒక్క నిమిషానికి. 2021కి ప్రవీణ్ కండ్రేగుల, సినిమా బండి. ఒక కెమెరా దొరికిన ఆటోవాలా కథని, ఊరివాళ్లని చూసి మనం నవ్వకుండా, వాళ్లతో కలిసి నవ్వేలా తీసినందుకు. 2023కి వేణు యెల్దండి, బలగం. కాకి ముట్టని పిండం చుట్టూ ఒక కుటుంబాన్ని నిలబెట్టి, చివర్లో బుడగ జంగాల పాట మొదలయ్యాక కథని ఆపి, పాటని కానిచ్చినందుకు. ఊళ్లలో తెరలు కట్టి జనం ఆ సినిమా చూశారంటే ఆ ఆపడం వల్లే అని నా నమ్మకం.

ఈ ఐదుగురిలో మీకు నచ్చనివాళ్లు ఉంటారు. ఉండాలి కూడా. అప్పుడు మీ పేరు చెప్పండి, కానీ పక్కన కారణం కూడా చెప్పండి. హీరో పేరు, కలెక్షన్లు, జిల్లా పేరు ఏవీ వాడకుండా, ఆ దర్శకుడు లేకపోతే ఆ సినిమాలోంచి ఏం మాయమయ్యేదో చెప్పండి. ఐదు వాక్యాలు చాలు. మనం రాయగలిగినప్పుడు, జీతం తీసుకునే ప్రభుత్వ శాఖ, ముప్పై ఏళ్లు సినిమాల్లో బతికిన జ్యూరీ పెద్దలు రాయలేరా?